లింకులు పంపి "ఇలాగే రాయండి" అన్నప్పుడు

"అమ్మా, మిర్చి నిల్వ మీద వెయ్యి మాటల ఆర్టికల్ కావాలి. మూడు లింకులు పంపాను, చూసి ఇలాగే రాయండి. కాపీ మాత్రం ఉండకూడదు. రేపు పొద్దున పదింటికల్లా ఇచ్చెయ్యండి."

గుంటూరులో కోల్డ్ స్టోరేజీ నడిపేవారి నుంచి గానీ, విజయవాడ బెంజి సర్కిల్ దగ్గరి డిజిటల్ మార్కెటింగ్ ఆఫీసు నుంచి గానీ కొత్త కంటెంట్ రైటర్‌కి వాట్సాప్‌లో వచ్చే మొదటి పని దాదాపు ఇలాగే ఉంటుంది. అలాగే రాయాలి, కాపీ కాకూడదు. రెండూ ఒకే మెసేజ్‌లో ఉంటాయి గానీ, ఆ రెండింటి మధ్య దారి ఏదో ఎవరూ చూపించరు. కొత్తవాళ్లు తమకు తోచిన దారి పడతారు. మూడు లింకులూ తెరిచి, ఒక్కో పేరా తెచ్చి ఫైల్లో అతికించి, మాటలు మార్చుకుంటూ కిందికి దిగుతారు. చివర్లో కాపీని పట్టే ఏదో ఉచిత టూల్లో వేసి చూస్తే "నూటికి నూరు శాతం యూనిక్" అని పచ్చరంగులో వస్తుంది. పంపేస్తారు. అది కాపీయే.

దొంగతనం చేద్దామని ఎవరూ కూర్చోరు. కాపీ పుట్టేది రాసేటప్పుడు కాదు, అంతకు ముందు చదివి నోట్సు తీసుకునేటప్పుడు. ఎదుటివాళ్ల పేరా ఒకసారి మన ఫైల్లోకి వచ్చి కూర్చుందంటే, తర్వాత ఎన్ని మాటలు మార్చినా అది వాళ్ల పేరాగానే ఉంటుంది. ముందు ఈ సంగతి ఒంటపడితే, టూళ్లు, శాతాలు, చట్టాలు అన్నీ వాటంతటవే తేలిగ్గా అర్థమవుతాయి.

మాట మారితే సొంతమవుతుందా?

దగ్గరగా చూద్దాం. కొండపల్లి బొమ్మల గురించి ఎవరో ఇలా రాశారనుకోండి: "కొండ నీడలో ఒదిగిన కొండపల్లిలో ప్రతి ఇంటి అరుగూ ఒక కార్ఖానాయే. తెల్ల పొణికి కర్ర అక్కడి కళాకారుడి చేతిలో వెన్నలా కరిగి బొమ్మవుతుంది."

దీన్ని "రీరైట్" చేసిన కొత్త రైటర్ ఇలా ఇస్తారు: "కొండ పక్కన ఉన్న కొండపల్లి ఊళ్లో ప్రతి ఇంటి వరండా ఒక ఫ్యాక్టరీ. తెల్ల పొణికి చెక్క ఆ కళాకారుల చేతుల్లో నెయ్యిలా కరిగి బొమ్మగా మారిపోతుంది."

అరుగు వరండా అయింది, కార్ఖానా ఫ్యాక్టరీ అయింది, వెన్న నెయ్యి అయింది. వరుసగా కలిసే మాటలు పెద్దగా లేవు కాబట్టి టూలు దీన్ని పట్టుకోకపోవచ్చు. కానీ అరుగును కార్ఖానాతో పోల్చాలన్న ఊహ, కర్ర కరిగిందన్న ఉపమానం, ముందు ఊరు తర్వాత కర్ర అనే వరుస, రెండు వాక్యాల నడక, అన్నీ మొదటి మనిషివే. పక్కపక్కన పెట్టి చూపిస్తే పదో తరగతి పిల్లాడు కూడా గుర్తుపడతాడు.

ఇందులో ఎవరి సొత్తూ కానివి రెండే ఉన్నాయి. బొమ్మలు కొండపల్లిలో చేస్తారు, తెల్ల పొణికి కర్రతో చేస్తారు. ఈ రెండూ వాస్తవాలు. వాటిని తీసుకుని, మిగతాది వదిలేసి, మీరు వేరేచోట తెలుసుకున్నది కలిపితే ఇలా రావచ్చు: "తెల్ల పొణికి తేలికైన, మెత్తని కర్ర, ఉలికి సులువుగా లొంగుతుంది. బొమ్మ మొత్తం ఒకే దిమ్మెలో చెక్కరు. చేతులు, తల లాంటి భాగాలు విడిగా చేసుకుని, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. దాని మీద సున్నం పూత వేసి, ఆరాక రంగులు దిద్దుతారు." ఇందులో గొప్ప ఉపమానం ఏమీ లేదు. కానీ చదివినవాడికి ముందు తెలియని విషయం తెలిసింది, వాక్యాలు కూడా మీవే. క్లయింట్‌కి కావాల్సింది అదే.

చట్టం కూడా ఇదే గీత గీసింది. 1957 కాపీరైట్ చట్టం కాపాడేది వాస్తవాన్నో, ఆలోచననో కాదు, దాన్ని చెప్పిన తీరును. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటను తేల్చి చెప్పింది. తెలుగులో మనం "భావచౌర్యం" అనే మాట వాడటం వల్ల కొంత గందరగోళం వస్తోందని నా అభిప్రాయం. భావాన్ని ఎవరైనా తీసుకోవచ్చు. తీసుకోకూడనిది ఆ భావానికి ఇంకొకరు తొడిగిన మాటలు, పోలికలు, అమరిక.

ఇంకో మెలిక ఉంది. కాపీరైట్ ఉల్లంఘన, ప్లేజియరిజం (ఇంకొకరి రాతను మనదిగా చెప్పుకోవడం) ఒకటి కావు. గురజాడ 1915లో పోయారు కాబట్టి ఆయన రచనల మీద ఇప్పుడు కాపీరైట్ లేదు, ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. అలాగని ఆయన వాక్యాన్ని మీ పేరుతో పెట్టుకుంటే కేసు ఉండదు గానీ చౌర్యం చౌర్యమే. ఇది చదివేవాళ్లతో మీకున్న నమ్మకానికి సంబంధించిన సంగతి.

చదవడం, నోట్సు, ఆ తర్వాతే రాయడం

వెయ్యి మాటల వ్యాసానికి నిజాయితీగా ఐదారు గంటలు పడుతుంది. చదవడానికి గంటన్నర, నోట్సుకీ అమరికకీ ఒక గంట, రాయడానికి రెండు, సరిచూసుకోవడానికి ముప్పావుగంట. మాటకు 50 పైసల చొప్పున 500 రూపాయలకు ఒప్పుకుని రోజుకు మూడు వ్యాసాలు ఇస్తామని మాట ఇచ్చినవాళ్లు ఎంత మంచివాళ్లైనా రెండో రోజుకే అతికించడం మొదలుపెడతారు. కాపీకి అసలు వేరు చాలాసార్లు ఆ ఒప్పుకోలులోనే ఉంటుంది. రేటు పెంచమని అడగలేకపోతే కనీసం రోజుకు ఒక్క వ్యాసమే ఒప్పుకోండి.

క్లయింట్ ఇచ్చిన మూడు లింకులు చదవండి, కానీ వాటితో ఆగకండి. ఇంకో రెండు మూడు వేరే రకం మూలాలు వెతకండి. ఒకటి ప్రభుత్వ శాఖదో విశ్వవిద్యాలయానిదో, ఒకటి పుస్తకం, ఒకటి మనిషి. ఒక్క మూలం నుంచి రాసేవాళ్లకి దాన్ని అనుకరించడం తప్ప గత్యంతరం ఉండదు. నాలుగు మూలాలు ఒకదానితో ఒకటి ఎక్కడ విభేదిస్తున్నాయో చూసినప్పుడు మీ సొంత వాక్యం పుడుతుంది. పుస్తకానికి విజయవాడలో రామమోహన గ్రంథాలయం ఉంది, ఠాగూర్ గ్రంథాలయం ఉంది. గుంటూరులో బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య గ్రంథాలయం ఉంది. ఇంకా నెట్‌లోకి ఎక్కని సమాచారం ఇలాంటి చోట్ల చాలా దొరుకుతుంది.

నోట్సుకి కాగితం, పెన్ను వాడమంటాను. చేత్తో రాస్తే మొత్తం వాక్యం దించే ఓపిక ఎవరికీ ఉండదు. చెయ్యి తనంతట తానే కుదించుకుంటుంది, కుదింపులోనే మాట మనదవుతుంది. కంప్యూటర్లోనే కావాలంటే రెండు ఫైళ్లు పెట్టుకోండి, ఒకటి నోట్సు, ఒకటి వ్యాసం. నోట్సు ఫైల్లో ఏదైనా వాక్యం ఉన్నదున్నట్టు అతికించాల్సి వస్తే వెంటనే కొటేషన్ గుర్తుల్లో పెట్టి, ఎరుపు రంగు వేసి, పక్కనే లింకూ, దాన్ని చూసిన తేదీ కూడా రాయండి. చాలామంది పెద్ద పొరపాటు ఇక్కడే చేస్తారు. ఫార్మాటింగ్ లేకుండా అతికిస్తే ఆ వాక్యం మీ వాక్యాల రంగులోకి, మీ ఫాంటులోకి కలిసిపోతుంది. మూడు రోజుల తర్వాత తెరిచి చూసినప్పుడు అది ఎవరిదో మీకే గుర్తుండదు, "బాగానే రాశానే" అనుకుని వ్యాసంలోకి లాగేస్తారు. వ్యాసం ఫైల్లోకి మాత్రం దేన్నీ, ఎప్పుడూ, ఒక్క నిమిషానికి కూడా అతికించవద్దు.

తర్వాత అమరిక. దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఎదుటి వ్యాసంలో "మిర్చి అంటే ఏమిటి, రకాలు, నిల్వ ఎందుకు, నిల్వ పద్ధతులు, ముగింపు" అని ఉపశీర్షికలు ఉంటే మీవీ అవే వరుసలో ఉన్నాయంటే, లోపల ప్రతి వాక్యం మీదైనా అది వాళ్ల అస్థిపంజరమే. లింకులు మూసేసి, ఆ క్లయింట్ దగ్గరికి వచ్చే మనిషి ఏమడుగుతాడో ఐదు ప్రశ్నలు రాసుకోండి. కోల్డ్ స్టోరేజీకి వచ్చే రైతు మిర్చి అంటే ఏమిటని అడగడు. ఎంత ఆరితే తీసుకుంటారు, తాలు కాయ ఏరి తేవాలా, టిక్కీకి (బస్తాకి) అద్దె ఎంత, సరుకు మీద అప్పు దొరుకుతుందా, ధర పెరిగినప్పుడు ఎన్ని రోజుల్లో తీసుకోవచ్చు అని అడుగుతాడు. ఈ ఐదే మీ ఉపశీర్షికలు. అమరిక ఇలా మారిందంటే కాపీ చేద్దామన్నా కుదరదు, ఎందుకంటే ఆ లింకుల్లో ఈ జవాబులు ఉండవు.

జవాబుల కోసం ఫోన్ చెయ్యండి, లేకపోతే వెళ్లండి. గుంటూరు మిర్చి యార్డులో పొద్దున్నే ఒక గంట నిలబడితే మూడు వెబ్‌సైట్లలో లేనంత సమాచారం చెవిన పడుతుంది. సరుకును అక్కడ టిక్కీల్లో లెక్కపెడతారు, ఒక్కోటి దాదాపు 40, 45 కిలోల బస్తా. ధర క్వింటాకు చెబుతారు. తేజ, బాడిగ, 334, 341 అంటూ రకానికో ధర ఉంటుంది. గుమాస్తాని "బాబాయ్, ఈ లాటుకి రేటెందుకు తగ్గింది?" అని అడిగితే రంగు చూపిస్తాడు, తేమ చూపిస్తాడు. ఆ మాటలు నోట్ చేసుకోండి, వాళ్ల పేరు వాడేట్టయితే ముందు అడగండి. ధర రాస్తే తేదీ తప్పనిసరి, యార్డులో ధర రోజుకో తీరుగా ఉంటుంది.

ఇక రాసేటప్పుడు బ్రౌజర్ మూసెయ్యండి. వీలైతే నోట్సుకీ రాతకీ మధ్య ఒక రాత్రి గడవనివ్వండి, పని రేపటికే అయితే కనీసం గంటైనా. వాక్యం కదలకపోతే ఫోన్ తీసి, తెలుగు వాయిస్ టైపింగ్ పెట్టి, ఊళ్లో ఉన్న పిన్నికి చెబుతున్నట్టు ఆ విషయం గట్టిగా చెప్పండి. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల వాక్యం నోటికి రాదు, మన వాక్యమే వస్తుంది. తర్వాత దాన్ని దిద్దుకోవచ్చు.

అనువాదం చేస్తే సొంతమా

తెలుగులో రాసేవాళ్లలో ఎక్కువమంది తెలియక చేసే తప్పు ఇదేనని అనిపిస్తుంది నాకు. ఇంగ్లీషులో ఉన్న వ్యాసం తెలుగులోకి తెస్తే అది కొత్త వ్యాసమనే నమ్మకం చాలా గట్టిగా ఉంది. కాదు. అనువాదం చేసే హక్కు కూడా మూల రచయితదేనని కాపీరైట్ చట్టం సెక్షన్ 14 స్పష్టంగా చెబుతోంది. అనుమతి లేకుండా మక్కీకి మక్కీ తెలుగులోకి దించితే, చేత్తో దించినా మెషీన్‌తో దించినా, తేడా లేదు. హిందీ నుంచైనా, యూట్యూబ్ వీడియోలో ఎవరో మాట్లాడినది రాసుకుని దించినా అంతే.

మామూలు టూళ్లు దీన్ని సరిగా పట్టుకోలేవు, ఎందుకంటే అవి మాటల వరుసలను పోలుస్తాయి, భాష మారితే పోల్చడానికి వరుసే ఉండదు. అందువల్ల ఇక్కడ కాపలా మీరే. అయితే చదివేవాళ్లు పట్టుకుంటారు. ఇంగ్లీషులో కారానికీ వేడికీ ఒకే మాట, మెషీన్ దాన్ని "వేడి మిరపకాయలు" చేస్తుంది. కోల్డ్ స్టోరేజీ "చల్లని నిల్వ" అవుతుంది. "మీరు మీ మిరపకాయలను మీ రైతు నుండి కొనుగోలు చేసినప్పుడు" అని ప్రతి నామవాచకం ముందూ ఒక "మీ" చేరుతుంది. తెలుగులో అలా ఎవరూ మాట్లాడరు. ఎడిటర్‌గా కూర్చున్నవాళ్లకి మొదటి పేరాలోనే అనువాదం వాసన తగులుతుంది, ఆ ఇంగ్లీషు వాక్యం ఏదై ఉంటుందో ఊహించి గూగుల్లో వెతికితే మూలం బయటపడుతుంది.

ఇంగ్లీషు మూలం చదవడంలో తప్పేమీ లేదు. చదివాక నోట్సు తెలుగులోనే రాసుకోండి. ఇంగ్లీషులో నోట్సు రాసుకుని తర్వాత తెలుగు చేస్తే మళ్లీ అనువాదమే వస్తుంది.

టూలు చెప్పేదీ చెప్పనిదీ

కాపీస్కేప్ వెబ్ పేజీలతో పోలుస్తుంది, దాని ప్రీమియంలో వాడినంతకే డబ్బు కడతాం. టర్నిటిన్ కాలేజీలు, యూనివర్సిటీలు తీసుకునేది, ఫ్రీలాన్సర్‌కి దాంతో పెద్దగా పనిపడదు. ఉచిత టూళ్లు చాలా ఉన్నాయి. కానీ ఇంకా పబ్లిష్ కాని క్లయింట్ వ్యాసాన్ని ముక్కూ మొహం తెలియని సైటులో అతికించే ముందు, అది మీ వ్యాసాన్ని దాచుకుంటుందో లేదో దాని షరతుల్లో చదవండి.

తెలుగు వ్యాసానికి "సున్నా శాతం" వచ్చిందంటే పొంగిపోకూడదు. మన భాషలో మాటలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. "విజయవాడలోని" అని ఒకరు, "విజయవాడ లోని" అని ఇంకొకరు రాస్తే టూలుకి అవి వేరువేరు మాటలు. "సాఫ్ట్‌వేర్" మధ్యలో కంటికి కనిపించని విడదీసే అక్షరం ఒకరు పెడతారు, ఇంకొకరు పెట్టరు, అప్పుడూ అంతే. ఈ-పేపర్లలో పేజీలు చాలావరకు బొమ్మలుగానే ఉంటాయి. పాత పీడీఎఫ్‌లు యూనికోడ్ కాని ఫాంట్లలో ఉంటాయి. వాటిలోని వాక్యాలు వెతుకులాటకు దొరకవు. మీరు పేపర్ చూసి దించిన పేరాకి టూలు పచ్చజెండా ఊపుతుంది, కానీ ఆ పేరా రాసిన విలేకరి మీ క్లయింట్ ఊళ్లోనే ఉంటాడు.

అందుకని చేత్తో వెతకడం అలవాటు చేసుకోండి. వ్యాసంలోంచి వాక్యం ముక్క తీసి, రెండు వైపులా కొటేషన్ గుర్తులు పెట్టి గూగుల్లో వెయ్యండి. ఇంగ్లీషులో ఏడెనిమిది మాటలు కావాలి, తెలుగులో మాట పొడుగు కాబట్టి ఐదారు చాలు. గూగుల్ 32 మాటలు దాటితే మిగతావి వదిలేస్తుంది, పేరా మొత్తం వెయ్యడం దండగ. ఊరి పేర్లు, సంస్థల పేర్లు నిండిన ముక్క తీసుకోవద్దు, అది వందచోట్ల కలుస్తుంది. మీకు బాగా నచ్చిన వాక్యం, మరీ నున్నగా వచ్చిన వాక్యం తీసుకోండి. అనుమానించాల్సింది వాటినే, ఎక్కడో చదివి మనసులో నిలిచిపోయిన వాక్యాలు అలాగే వస్తాయి. అతుక్కున్న మాటలు విడదీసి ఒకసారి, కలిపి ఒకసారి వెతకండి. వెయ్యి మాటలకు ఎనిమిది పది వెతుకులాటలు, పదిహేను నిమిషాల పని.

శాతం గురించి క్లయింట్లు కూడా పొరబడతారు. "పదిహేను దాకా ఓకే" అనే నియమం ఏ చట్టంలోనూ లేదు. వెయ్యి మాటల్లో 12 శాతం అంటే 120 మాటలు. అవి చిరునామా, చట్టం పేరు, మందుల పేర్లు, "అనే విషయం అందరికీ తెలిసిందే" లాంటి వాడుక మాటలుగా వ్యాసమంతా చెదిరి ఉంటే ఏ ఇబ్బందీ లేదు. ఆ 120 మాటలూ ఒకే పేరాగా ఉంటే అది కాపీ, రిపోర్టులో ఇంకే అంకె ఉన్నా సరే. అంకె కాదు, కలిసిన మాటలకు రిపోర్టులో రంగు పడిన చోటు చూడండి.

రంగు పడిన చోట మాటలు మార్చకండి. ఆ పేరా మొత్తం చెరిపేసి, నోట్సు చూసుకుని, మూలం చూడకుండా మళ్లీ రాయండి. రాయలేకపోతే ఆ విషయం మీకు అర్థం కాలేదన్నమాట, ఇంకో మూలం చదవాలి.

చాట్‌జీపీటీ లాంటి వాటి గురించి రెండు మాటలే చెబుతాను. క్లయింట్‌కి చెప్పకుండా దానితో రాయించి మీ రాతగా ఇవ్వడం కూడా మోసమే. అది చెప్పే పుస్తకం పేరు, తేదీ, లింకు నిజంగా ఉన్నాయో లేదో ఒక్కోటీ తెరిచి చూడాల్సిందే, లేనివాటిని ఉన్నట్టు చెబుతుంది. వెతుకులాటలో ర్యాంకు కోసం గుట్టలుగుట్టలుగా పేజీలు ఉత్పత్తి చేయడాన్ని 2024 మార్చిలో గూగుల్ తన స్పామ్ నియమాల్లో చేర్చింది, అవి మనిషి రాసినా మెషీన్ రాసినా.

"సేకరణ" అని రాస్తే సరిపోదు

మన దగ్గర ఒక అలవాటు ఉంది. ఎవరిదో వ్యాసం మొత్తం పెట్టి కింద "సేకరణ" అని రాయడం, ఫొటో కింద "సౌజన్యం: గూగుల్" అని రాయడం. గూగుల్ ఆ ఫొటో తీయలేదు, "సేకరణ" అనే పేరుతో ఏ రచయితా లేడు. మూలం చెప్పడమంటే ఎవరు రాశారో, ఎక్కడ వచ్చిందో, ఎప్పుడో చెప్పి, అసలు పేజీకి లింకు ఇవ్వడం. అంత చెప్పినా వ్యాసం మొత్తం ఎత్తి పెట్టడానికి అనుమతి దొరికినట్టు కాదు. చట్టంలోని సెక్షన్ 52 విమర్శకీ, సమీక్షకీ, వార్తకీ కొంత వాడుకోనిచ్చింది గానీ ఇన్ని మాటలని, ఇన్ని సెకన్లని లెక్క పెట్టలేదు. రెండు వాక్యాలు కొటేషన్‌లో పెట్టి, వాటి మీద మీరు ఏదో చెబుతుంటే పర్వాలేదు. మీ వ్యాసం బరువంతా ఆ కొటేషన్ మోస్తుంటే ఇబ్బందే.

దేనికి మూలం చెప్పాలి? కృష్ణ మీద విజయవాడ దగ్గర ప్రకాశం బ్యారేజీ ఉందనడానికి అక్కర్లేదు. 1223.5 మీటర్ల పొడవని, 1957లో పూర్తయిందని రాసినప్పుడు ఎక్కడ చూశారో చెప్పండి. అంకె, తేదీ, ఒకరి అభిప్రాయం, ఒకరి పరిశోధన, ఈ నాలుగింటికి మూలం తప్పనిసరి. వాక్యంలోనే కలిపి "ఫలానా శాఖ ఫలానా ఏడాది నివేదిక ప్రకారం" అని రాసి లింకు పెడితే చాలు.

వికీపీడియాలోని రాతను పేరు చెప్పి వాడుకోవచ్చు కదా అని అడుగుతారు. దాని లైసెన్సు క్రియేటివ్ కామన్స్ బై ఎస్ఏ 4.0. వాడుకోవచ్చు గానీ రెండు షరతులు ఉన్నాయి, పేరు చెప్పాలి, మీ రాతనూ అదే లైసెన్సుతో ఇవ్వాలి. క్లయింట్ సర్వహక్కులూ తనకే కావాలంటాడు కాబట్టి రెండో షరతు కుదరదు. వికీపీడియాని దారి చూపే బోర్డులాగా వాడుకోండి, అడుగున ఉన్న మూలాల దగ్గరికి వెళ్లి అవి చదవండి.

ప్రభుత్వ వెబ్‌సైటు అందరిదీ అనుకోవడం కూడా పొరపాటే. గెజిట్‌లో అచ్చయిన విషయాన్నీ, కోర్టు తీర్పులనూ మళ్లీ వేసుకోవడానికి చట్టం వీలిచ్చింది. పర్యాటక శాఖ ఉండవల్లి గుహల మీద రాయించుకున్న పరిచయ వ్యాసం ఆ కోవలోకి రాదు. ప్రభుత్వ రచనకి కూడా ప్రచురించిన నాటి నుంచి 60 ఏళ్ల కాపీరైట్ ఉంది.

పద్యాలు, పాటలు పెట్టేవాళ్లకి ఒక లెక్క. మన దేశంలో రచయిత పోయిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. జాషువా 1971లో కన్నుమూశారు. కాబట్టి ఆయన రచనలకి 2031 చివరి దాకా ఉంటుంది. గుంటూరు మీద వ్యాసంలో ఆయన పద్యం ఒక్కటి ఉదహరించి దాని గురించి రాయడం వేరు, ఖండకావ్యం మొత్తం సైటులో పెట్టడం వేరు.

రాసింది ఎవరిది

వ్యాసం అమ్మాక దాన్నే కొద్దిగా మార్చి ఇంకో క్లయింట్‌కి ఇవ్వడం మామూలైపోయింది. "నేను రాసిందే కదా" అంటారు. ఇక్కడ చట్టం ఏం చెబుతుందో తెలుసుకోవడం మీకే మంచిది. ఉద్యోగి డ్యూటీలో భాగంగా రాస్తే, వేరే ఒప్పందం లేనంతవరకు కాపీరైట్ యజమానిది. ఫ్రీలాన్సర్ ఉద్యోగి కాదు, కాబట్టి మొదటి హక్కు రాసినవాళ్లదే. దాన్ని క్లయింట్‌కి బదిలీ చేయాలంటే సెక్షన్ 19 ప్రకారం రాతపూర్వకంగా, మీ సంతకంతో ఉండాలి. అందులో కాలం చెప్పకపోతే ఐదేళ్లని, ప్రాంతం చెప్పకపోతే భారతదేశమంతా అని లెక్క. సంతకం పెట్టి ఇచ్చేశాక అదే వ్యాసం ఇంకొకరికి అమ్మితే మీ సొంత రాతనే మీరు కాపీ చేసినట్టు. సంతకం లేకపోయినా, "ఒరిజినల్" అని చెప్పి ఇద్దరికీ ఒకటే ఇవ్వడం మాట తప్పడం. ఒకే విషయం మీద ఇద్దరు అడిగితే పరిశోధన నోట్సు రెండుసార్లు వాడుకోండి, అమరికా వాక్యాలూ మాత్రం వేరేగా కట్టండి.

ఒప్పందంలో "కాపీరైట్ ఫిర్యాదు వస్తే నష్టమంతా రచయితే భరించాలి" అనే వాక్యం ఉందేమో చూడండి. 500 రూపాయల వ్యాసానికి పరిమితి లేని నష్టం ఒప్పుకోకూడదు. "ఆ వ్యాసానికి చెల్లించిన మొత్తం దాటకుండా" అని చేర్చమని అడగండి. తెలిసి చేసిన ఉల్లంఘనకి సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి రెండు లక్షల జరిమానా ఉన్నాయి. భయపెట్టడానికి చెప్పడం లేదు, సంతకం ఎంత బరువైనదో తెలియాలని.

ఫిర్యాదు వచ్చినప్పుడు

"సార్, మీ ఆర్టికల్ కాపీ అని వస్తోంది" అంటూ క్లయింట్ స్క్రీన్‌షాట్ పంపితే వెంటనే వాదించకండి, వెంటనే క్షమాపణ కూడా వద్దు. ఆ రిపోర్టులో కలిసిన పేజీ తెరిచి ఎప్పుడు వచ్చిందో చూడండి. పాత వెబ్ పేజీల నకళ్లు దాచే వేబ్యాక్ మెషీన్ సైటులో ఆ లింకు వేస్తే ఎప్పటి నుంచి ఉందో చాలాసార్లు తెలుస్తుంది. తరచుగా తేలేది ఏమిటంటే, క్లయింటే మీ వ్యాసాన్ని ముందే తన టెస్ట్ సైటులో పెట్టి ఉంటాడు, లేదా పబ్లిష్ అయ్యాక ఇంకో సైటు ఎత్తుకుపోయి ఉంటుంది. అప్పుడు మీకు సాక్ష్యం గూగుల్ డాక్స్‌లోని వెర్షన్ హిస్టరీ. వాక్యం వాక్యంగా ఎప్పుడు రాశారో అందులో గంటలతో సహా ఉంటుంది. అందుకే వ్యాసాన్ని మొదటి నుంచీ అక్కడే రాయాలి, ఇంకెక్కడో రాసి చివర్లో ఒక్కసారిగా తెచ్చి అతికిస్తే ఆ చరిత్ర ఉండదు. ఒక్కో వ్యాసానికి ఒక ఫోల్డర్ పెట్టి నోట్సు ఫొటోలు, మూలాల లింకులు, టూలు రిపోర్టు, క్లయింట్ మెసేజ్‌లు అందులో వెయ్యండి.

తప్పు మీదే అయితే దాచకండి. "ఈ రెండు పేరాలు మూలానికి బాగా దగ్గరగా వచ్చాయి, పొరపాటు నాదే. సాయంత్రానికి మళ్లీ రాసి ఇస్తాను, దీనికి డబ్బు అక్కర్లేదు" అని రాసి, అన్నట్టే ఇవ్వండి. అదే క్లయింట్‌కి మీరిచ్చిన పాత వ్యాసాలు కూడా మీరే ఒకసారి సరిచూసి, అనుమానం ఉన్నవి చెప్పండి.

మీ రాతనే ఎవరైనా ఎత్తుకుపోతే ముందు స్క్రీన్‌షాట్లు, లింకులు, తేదీలు భద్రం చేసుకోండి, ఆ తర్వాతే సైటు నడిపేవాళ్లకి మెయిల్ పెట్టండి. ముందే మెయిల్ పెడితే పేజీ తీసేసి అసలు పెట్టలేదంటారు. హక్కులు క్లయింట్‌కి రాసిచ్చి ఉంటే ఫిర్యాదు చేయాల్సింది క్లయింట్, మీరు ఆధారాలు ఇవ్వండి. వారం రోజుల్లో జవాబు రాకపోతే ఆ సైటుకి హోస్టింగ్ ఇచ్చిన కంపెనీకీ, గూగుల్ కాపీరైట్ ఫారం ద్వారా గూగుల్‌కీ ఫిర్యాదు పంపవచ్చు. మన 2013 కాపీరైట్ నియమాల ప్రకారం సరైన ఫిర్యాదు అందిన మధ్యవర్తి సంస్థ (హోస్టింగ్ కంపెనీ, గూగుల్ లాంటిది) 36 గంటల్లో ఆ పేజీ అందకుండా చేయాలి. 21 రోజుల్లోగా కోర్టు ఉత్తర్వు తేకపోతే దాన్ని మళ్లీ తెరవవచ్చు. అందుకని ఫిర్యాదు పంపిన రోజే క్యాలెండర్‌లో ఆ 21వ రోజు గుర్తు పెట్టుకుని, లాయర్‌తో మాట్లాడాలా వద్దా అనేది ఆలోపే తేల్చుకోండి.